రిపేరు తర్వాత ఆయిల్ లైటు వెలిగితే: ఇంజన్ ఆయిల్ ప్రెషర్ తగ్గడానికి కారణం పట్టుకునే పద్ధతి

పలమనేరు నుంచి బెంగళూరుకు వస్తున్నాం. కోలారు దాటాక రోడ్డు ఖాళీగా ఉంది కదా అని తొంభై దాటించాను. డ్యాష్‌బోర్డులో నూనె చెంబు బొమ్మతో ఉండే ఎర్ర లైటు ఒక్కసారి మిణుక్కుమంది. కాలు తీయగానే పోయింది. మళ్లీ తొక్కితే మళ్లీ వచ్చింది. అప్పటికి టైమింగ్ చైన్ మార్పించి, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ దగ్గర లీకు ఆపించి వారమే అయింది. హొసకోటె దగ్గర బండి పక్కకు తీసి మెకానిక్‌కు ఫోన్ చేస్తే, "ఆయిల్ ప్రెషర్ స్విచ్ పోయుంటుంది సార్, మెల్లగా నడుపుకుంటూ వచ్చేయండి, మార్చేద్దాం" అన్నాడు. నేను నడపలేదు. ఫ్లాట్‌బెడ్ పిలిపించుకుని దాని మీద ఎక్కించాను. అందుకే ఆ ఇంజన్ ఈరోజుకీ బాగుంది.

ఆ బండితో కుస్తీ పట్టి నేర్చుకున్నదీ, ఆ తర్వాత మారతహళ్లి చుట్టుపక్కల మనవాళ్ల బళ్లలో చూసినదీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. స్పానర్ పట్టే అలవాటు ఉన్నవాళ్లకు ఇది పని చేసే క్రమం చెబుతుంది. అలవాటు లేనివాళ్లకు వర్క్‌షాప్‌లో నిలబడి ఏం అడగాలో చెబుతుంది. అసలు మాట ఒకటే: రిపేరుకు ముందు లేని ప్రెషర్ సమస్య రిపేరు తర్వాత వచ్చిందంటే, విప్పి బిగించిన చోటే వెతకాలి. అదీ ముందు కొలిచి, ఆ తర్వాతే విప్పాలి. ఊహ మీద ఒక్కో సామాను మారుస్తూ పోతే డబ్బుతో పాటు ఇంజనూ పోతుంది.

లైటు వెలిగిన నిమిషంలో

ఆ ఎర్ర లైటు చెప్పేది ఆయిల్ ప్రెషర్ గురించి. ఆయిల్ మట్టం గురించి కాదు. మట్టం తగ్గిందని చెప్పడానికి కొన్ని కార్లలో వేరే పసుపు లైటు ఉంటుంది. ప్రెషర్‌ను బార్‌లలో కొలుస్తారు. చాలా కార్లలో అది 0.3 నుంచి 0.5 బార్ దాకా దిగజారితే గానీ ఎర్ర లైటు వెలగదు. బాగా వేడెక్కిన ఇంజన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఉన్నప్పుడే సాధారణంగా 1 బార్ అటూఇటూ ఉంటుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర 3 బార్, ఆ పైన ఉండాలి. అంటే రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు ఆ లైటు వెలిగిందంటే ప్రెషర్ ఉండాల్సిన దానిలో ఆరో వంతుకు పడిపోయిందన్నమాట.

పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్, బేరింగ్‌ను రాసుకుంటూ తిరగదు. రెండింటి మధ్యా వెంట్రుక కంటే పలచని ఆయిల్ పొర ఉంటుంది, దాని మీద తేలుతూ తిరుగుతుంది. ప్రెషర్ లేకపోతే ఆ పొర నిలవదు. ఇనుమూ బేరింగ్ మెటలూ ఒకదాన్నొకటి తిన్నాయంటే నష్టం క్షణాల్లో జరిగిపోతుంది. అందుకని లైటు వెలగగానే పక్కకు తీసి ఇంజన్ ఆపండి. "వర్క్‌షాప్ రెండు కిలోమీటర్లే కదా" అనుకోవద్దు. తాడు కట్టి లాగించడం కూడా వద్దు, ఇంజన్ ఆగిపోయాక బ్రేకూ స్టీరింగూ బరువెక్కుతాయి, సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఫ్లాట్‌బెడ్ ఒక్కటే దారి.

ముందు కాగితం, తర్వాత స్పానర్

బానెట్ ఎత్తకముందే ఒక కాగితం తీసుకుని, ఈసారి రిపేరులో ఏమేం విప్పారో రాయండి. జాబ్ కార్డు మీద "ఇంజన్ వర్క్" అని రెండు మాటలు రాసి ఉంటే సరిపోదు. పని చేసిన కుర్రాణ్ణే అడగండి. చాంబర్ దించారా? టైమింగ్ కవర్ విప్పారా? ఇంజన్ పైభాగం, అంటే హెడ్, లేత్‌కు పంపారా? క్రాంక్ గ్రైండింగ్ చేయించారా? ఏ ఆయిల్ పోశారు, ఎన్ని లీటర్లు? ఫిల్టర్ ఎవరు కొన్నారు? తప్పు పట్టడానికి వచ్చినట్టు కాకుండా మామూలుగా అడిగితే నిజం చెబుతారు.

ఆ జాబితానే మీకు దారి చూపిస్తుంది. చాంబర్ దించి ఉంటే అనుమానం ముందు పంప్ ఆయిల్ పీల్చే చోట ఉండే జాలి, అంటే స్ట్రెయినర్ మీదికీ, దాని పైపు దగ్గరుండే రబ్బరు ఓ-రింగ్ మీదికీ, ఎక్కువగా పూసిన గ్యాస్కెట్ పేస్ట్ మీదికీ వెళ్లాలి. చాలా ఇంజన్లలో ఆయిల్ పంప్ టైమింగ్ కవర్ లోపలే ఉంటుంది కాబట్టి ఆ కవర్ విప్పారంటే పంప్ మూత స్క్రూలు, ఎక్కువైన ఆయిల్‌ను వెనక్కి వదిలే రిలీఫ్ వాల్వ్ కూడా అనుమానించాల్సిందే. హెడ్ దించితే గ్యాస్కెట్ తిరగబడి హెడ్‌కు ఆయిల్ వెళ్లే రంధ్రం మూసుకుపోవచ్చు, క్యామ్ క్యాప్‌లు తారుమారు కావచ్చు. ఫుల్ ఇంజన్ పని అయితే బేరింగ్‌లు, బ్లాక్‌లోని ఆయిల్ దారుల చివర బిగించే ప్లగ్‌లు, పిస్టన్ల కిందికి ఆయిల్ చిమ్మే జెట్‌లు. ఒట్టి సర్వీసు మాత్రమే జరిగి ఉంటే సంతోషించండి, ఫిల్టర్, ఆయిల్ గ్రేడు దగ్గరే తేలిపోయే అవకాశం ఎక్కువ.

చేతులకు మసి అంటకుండా చూడగలిగినవి

బండిని సమతలంగా నిలిపి, ఇంజన్ ఆపి పది నిమిషాలయ్యాక డిప్‌స్టిక్ తీసి చూడండి. రెండు గీతల మధ్య ఉండాలి. తక్కువ ఉంటే సంగతి తెలిసిపోయింది, ఎటు కారుతోందో చూడండి. ఎక్కువ ఉన్నా ప్రమాదమే. క్రాంక్ ఆ ఆయిల్‌ను మజ్జిగ చిలికినట్టు చిలికేస్తుంది, నురగ పట్టిన ఆయిల్‌ను పంప్ నెట్టలేదు. వాసన కూడా చూడండి. పెట్రోల్ వాసన గట్టిగా వస్తే ఇంజెక్టర్ కారి ఆయిల్ పలచబడిందని అర్థం. కొత్త డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) శుభ్రపడే ప్రక్రియ మాటిమాటికీ మధ్యలో ఆగిపోతే డీజిల్ ఆయిల్‌లోకి దిగి మట్టం పెరుగుతుంది. రంగు పాలు కలిపిన కాఫీలా ఉంటే కూలెంట్ కలిసింది. హెడ్ పని జరిగిన బండిలో ఇది కనిపిస్తే ఇంజన్‌ను ఇంకోసారి స్టార్ట్ చేయకండి.

ఫిల్టర్ దగ్గర ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. పాత ఫిల్టర్ తీసినప్పుడు దాని రబ్బరు వాషర్ ఇంజన్‌కే అతుక్కుపోతుంది. చూడకుండా దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తారు. రెండు రబ్బర్ల మధ్య నుంచి ఆయిల్ ఒక్కసారిగా చిమ్మేస్తుంది. కాగితం ఎలిమెంట్ ఉండే ఫిల్టర్లలో మూత లోపలి ఓ-రింగ్ తన గాడిలో కాక పక్క గాడిలో కూర్చోవడం, పాత ఓ-రింగే మళ్లీ వేయడం మామూలు. బెంగళూరు జేసీ రోడ్డు స్పేర్ పార్ట్స్ షాపుల్లో ఒకేలాంటి డబ్బాల్లో అసలుదీ, నకిలీదీ రెండూ దొరుకుతాయి. నకిలీ దానిలో ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు వాల్వ్ సరిగా ఉండదు. రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే కొన్ని సెకన్లు చైన్ గలగలలాడి లైటు ఆలస్యంగా ఆరుతోందంటే ముందు ఫిల్టర్‌నే అనుమానించండి.

ఆయిల్ గ్రేడు ఓనర్ మాన్యువల్‌లో ఉంటుంది. 5డబ్ల్యు-30 పోయాల్సిన చోట 0డబ్ల్యు-20 పోస్తే వేడెక్కాక ఐడిల్‌లో ప్రెషర్ తగ్గి కనిపిస్తుంది. పాత ఇంజన్‌లో ఈ తేడా మరీ తెలుస్తుంది.

లైటు చెప్పేది నిజమేనా

"స్విచ్ పోయింది" అనే మాట కొన్నిసార్లు నిజమే. దాన్ని కొలిచి తేల్చాలి. మామూలు ఆయిల్ ప్రెషర్ స్విచ్‌కు ఒకే వైరు ఉంటుంది. ప్రెషర్ లేనప్పుడు లోపలి కాంటాక్ట్ కలిసి ఉండి లైటు వెలుగుతుంది, ప్రెషర్ రాగానే విడిపోయి లైటు ఆరుతుంది. కీ ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఆ వైరు పీకండి. లైటు ఆరాలి. ఆరకపోతే ఆ వైరు ఎక్కడో నలిగి బాడీకి తగులుతోంది. టైమింగ్ కవర్ బిగించేటప్పుడు బోల్టు కింద పడి నలిగిన వైరును నేనే ఒక బండిలో చూశాను. కొత్త కార్లలో రెండు మూడు వైర్లుండే సెన్సర్ ఉంటే ఈ పరీక్ష చేయకండి, దానికి స్కానర్ కావాలి.

దీనికి వ్యతిరేకమైన లోపం ఇంకా ప్రమాదకరం. రిపేరు నుంచి వచ్చిన బండిలో కీ ఆన్ చేసినప్పుడు ఆయిల్ లైటు అసలు వెలగడం లేదా? స్విచ్ కనెక్టర్ పెట్టడం మరచిపోయి ఉంటారు. స్విచ్ మరలకు తెల్ల టేపు దండిగా చుట్టినా అంతే, స్విచ్‌కు ఎర్త్ అందదు. అలాంటి బండిలో ప్రెషర్ సున్నా అయినా మీకు తెలియదు. వర్క్‌షాప్ నుంచి బండి తీసుకునేటప్పుడు కీ ఆన్ చేసి ఆ లైటు వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరుతోందో లేదో చూడటం అలవాటు చేసుకోండి. రెండు సెకన్ల పని.

గేజ్ పెట్టి కొలవడం

ఇక్కడ తొందరపడకండి. ముల్లు ఉండే మామూలు మెకానికల్ ఆయిల్ ప్రెషర్ గేజ్, గొట్టం, నాలుగైదు అడాప్టర్లతో కిట్ జేసీ రోడ్డులో దొరుకుతుంది. 0 నుంచి 10 బార్ దాకా చూపించేది చాలు. మీ మెకానిక్ దగ్గర ఇది లేకపోతే, కొలవకుండానే ఇంజన్ విప్పుదామంటే, ఇంకో మెకానిక్‌ను చూసుకోండి. ఈ విషయంలో నేను మొహమాటపడను.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్విచ్ విప్పి ఆ రంధ్రంలో అడాప్టర్ బిగించాలి. మరలు ఒకసారి సరిచూసుకోండి. జపాన్ మూలం ఉన్న ఇంజన్లలో ఎక్కువగా 1/8 బీఎస్‌పీ టేపర్ మర ఉంటుంది, యూరప్ ఇంజన్లలో చాలా చోట్ల ఎం10 మర ఉంటుంది. ఇంకో 1/8 మర ఉంది, దాన్ని ఎన్‌పీటీ అంటారు. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ ఒకదానిలో అంగుళానికి 28 మరలు, రెండోదానిలో 27. మొదటి రెండు చుట్లు హాయిగా తిరిగి తర్వాత పట్టేసిందంటే ఆపేయండి. బలవంతం చేస్తే అల్యూమినియం బ్లాక్ మర చెడిపోతుంది, పగుళ్లు కూడా రావచ్చు. అడాప్టర్ చేత్తోనే సగానికి పైగా తిరగాలి.

గొట్టాన్ని ఫ్యాన్‌కూ, ఎగ్జాస్ట్‌కూ దూరంగా కట్టి, గేజ్‌ను వైపర్ దగ్గర ఆనించండి. స్టార్ట్ చేయగానే అయిదు సెకన్లలో ముల్లు కదలాలి. కదలకపోతే వెంటనే ఆపేయండి. కదిలితే అడాప్టర్ దగ్గర లీకు ఉందేమో చూసి, రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా వేడెక్కనివ్వండి. చల్లటి ఇంజన్‌లో ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి ఏ బండైనా మంచి ప్రెషరే చూపిస్తుంది. బెంగళూరు పొద్దుటి చలిలో తీసిన అంకె చూసి "అంతా బాగుంది సార్" అంటే నమ్మకండి. ఒకరు యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఇంకొకరు ఐడిల్, 2000, 3000 దగ్గర అంకెలు రాయాలి. ఫోన్‌లో వీడియో తీస్తే ఇంకా మంచిది, ముల్లు నిలకడగా ఉందా, వణుకుతోందా అన్నది తర్వాత మళ్లీ చూసుకోవచ్చు. ముల్లు అర బార్ కిందికి దిగితే ఆ క్షణమే ఆపేయాలి.

అంకెలు ఎంత ఉండాలో సర్వీస్ మాన్యువల్ చెబుతుంది. అది చేతిలో లేనప్పుడు మెకానిక్‌లు వాడే లెక్క ఒకటి ఉంది: ప్రతి 1000 ఆర్‌పీఎంకు 10 పీఎస్‌ఐ, అంటే సుమారు 0.7 బార్. ఇది కనీసం అన్నట్టు తీసుకోండి. ఇంకో మాట, కొత్త ఇంజన్లు కొన్నిటిలో కంప్యూటరే పంప్‌ను అవసరాన్ని బట్టి తగ్గించి నడుపుతుంది. అలాంటి వాటికి ఈ లెక్క సరిపోదు, మాన్యువల్ చూడాల్సిందే.

ముల్లు కదలికను చదవడం

ఒక్క అంకె చూసి నిర్ణయానికి రాకండి. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ ముల్లు ఎటు పోతోందో చూడండి. జబ్బు ఎక్కడుందో ఆ కదలికే చెబుతుంది.

వేడెక్కాక ఐడిల్‌లో బాగా తగ్గి, యాక్సిలరేటర్ తొక్కితే చక్కగా పెరుగుతుంటే ఆయిల్ ఎక్కడో ఎక్కువగా జారిపోతోంది. బేరింగ్ సందులు పెద్దవైనా, ఆయిల్ పలచబడినా, పంప్ అరిగినా ఇలాగే ఉంటుంది. క్రాంక్ పని జరిగిన బండిలో ఇలా కనిపిస్తే బేరింగ్ కొలతల మీద నాకు ముందు అనుమానం వస్తుంది.

ఐడిల్‌లో బాగానే ఉండి, ఆర్‌పీఎం పెంచాక ముల్లు వణుకుతూ కిందికి జారితే పంప్ పీల్చే వైపు లోపం ఉంది. పంప్ వేగం పెరిగింది, కావాల్సినంత ఆయిల్ అందడం లేదు. స్ట్రెయినర్ మూసుకుపోవచ్చు, పైపు ఓ-రింగ్ దగ్గర గాలి పీల్చవచ్చు, ఆయిల్ మట్టం తక్కువైనా, నురగ పట్టినా కావచ్చు. నా బండిలో ఐడిల్‌లో 1.3 బార్, 2000 దగ్గర 2.4 వచ్చింది. 3000 దగ్గర ముల్లు ఒక్క క్షణం నిలబడి, చలికి వణికినట్టు వణుకుతూ 1.5 దాటి కిందికి జారిపోయింది. అర బార్ కిందికి వెళ్లేసరికి కీ తిప్పేశాను. రోడ్డు మీద తొంభై దాటాక లైటు ఎందుకు వెలిగిందో అప్పుడు అర్థమైంది. స్విచ్ పాపం నిజమే చెప్పింది.

ఐడిల్‌లో తక్కువ, 3000 దగ్గర కూడా దాదాపు అంతే ఉండి పెరగనంటుంటే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండవచ్చు. ఆ వాల్వ్ స్ప్రింగు మీద కూర్చునే చిన్న పిస్టన్. చాలా ఇంజన్లలో 4 నుంచి 6 బార్ మధ్య తెరుచుకుని ఎక్కువైన ఆయిల్‌ను వెనక్కి వదులుతుంది. లేత్ పని తర్వాత మిగిలిన ఒక్క ఇనుప రజను చాలు, అది మధ్యలో ఇరుక్కోవడానికి. బ్లాక్ కడిగించినప్పుడు తీసిన ఆయిల్ దారి ప్లగ్ తిరిగి బిగించకపోయినా అదే తీరు. అక్కడి నుంచి ఆయిల్ లోపలికే పారిపోతుంది, బయట చుక్క కూడా కనపడదు.

గేజ్‌లో అంకెలన్నీ సరిగా ఉండి, లైటు మాత్రం వెలుగుతుంటే స్విచ్ మార్చండి, అయిపోయింది. అంకెలు సరిగా ఉండి, పైన వాల్వ్‌ల దగ్గర టకటకమనే ట్యాపెట్ చప్పుడు ఆగకుండా వస్తుంటే హెడ్‌కు వెళ్లే దారి మూసుకుపోయింది. గ్యాస్కెట్ తిరగబడిందేమో, పేస్ట్ రంధ్రంలోకి వెళ్లిందేమో చూడాలి. గేజ్ కింద బ్లాక్ దగ్గర కొలుస్తోంది కాబట్టి పైన కరువొచ్చిన సంగతి దానికి తెలియదు.

చాంబర్ దించినప్పుడు

బండిని ర్యాంపు మీదో, జాక్ స్టాండ్‌ల మీదో పెట్టాలి. ఒట్టి జాకీ మీద నిలిపిన బండి కిందికి తల పెట్టకండి. ఆయిల్‌ను గోరువెచ్చగా ఉన్నప్పుడు శుభ్రమైన టబ్‌లోకి దించి, వెలుతురులో పెట్టి చూడండి.

మా బండికి ఈ పని చేసింది హిందూపురం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన పెద్దాయన. నేను అన్నా అని పిలుస్తాను. చాంబర్ అంచును పలచటి గీకుడు రేకుతో విడదీసి దించి, స్ట్రెయినర్ పైపు రెండు బోల్టులూ తీసి నా చేతిలో పెట్టాడు. జాలి మీద బూడిదరంగు సిలికాన్ ముక్కలు సగ్గుబియ్యం గింజల్లా అంటుకుని ఉన్నాయి. వాటిని పట్టుకుని ఒక పొడుగాటి పోగు, ఉడికిన సేమ్యాలాంటిది, జాలికి అడ్డంగా పడుకుని ఉంది. తుడవడానికి వాడిన బనియన్ గుడ్డ దారాలు రెండు మూడు వాటికి చుట్టుకున్నాయి. జాలిలో సగానికి పైగా కనపడటమే లేదు. "చూడు నాయనా, పంపుకు ఊపిరాడలా" అన్నాడు. అంతే. నెమ్మదిగా నడిపినప్పుడు మిగిలిన సందులోంచి సరిపడా ఆయిల్ వెళ్లేది. వేగం పెరిగితే చాలేది కాదు.

పేస్ట్ అంచు మీద దండిగా పూస్తే లీకు ఆగుతుందని చాలామంది నమ్మకం. బిగించగానే సగం బయటికి, సగం లోపలికి వస్తుంది. బయటికొచ్చింది కనిపిస్తుంది కాబట్టి తుడుస్తారు. లోపలికెళ్లింది గట్టిపడి, వేడి ఆయిల్‌లో ఊడి, ప్రవాహంతో పాటు జాలి దగ్గరికే చేరుతుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల సన్నటి గీతలా, బోల్టు రంధ్రాలకు లోపలి వైపుగా ఒక్క వరస పూస్తే చాలు.

స్ట్రెయినర్ చేతిలో ఉండగానే పైపు ఓ-రింగ్ చూడండి. నొక్కుకుపోయి బల్లపరుపుగా మారిందా, ఒక పక్క కోసుకుపోయిందా, అసలు ఉందా? దాని వెల కొద్ది రూపాయలే. అయినా పాతదే వేసేస్తారు. పంప్ గాలి పీలిస్తే ఆయిల్ నురగ పట్టి ఉంటుంది, గేజ్ ముల్లు వణుకు ఆగదు. టైమింగ్ బెల్టు ఆయిల్‌లోనే తడుస్తూ తిరిగే ఇంజన్ అయితే జాలిలో నల్లటి రబ్బరు పొట్టు కోసం చూడండి. అది కనిపిస్తే జాలి కడిగితే సరిపోదు, బెల్టూ మార్చాలి.

జాలి శుభ్రంగా ఉండి, ఓ-రింగ్ కూడా బాగుంటే రిలీఫ్ వాల్వ్ పిస్టన్ బయటికి తీయండి. వేలితో నెడితే తన గూట్లో నూనె రాసిన గుండులా జారాలి. గీతలు పడితే ఎమ్రీ పేపర్‌తో రుద్ది సరిపెట్టకండి, మార్చండి. పంప్ మూత తీసి రోటర్ల సందులు ఫీలర్ గేజ్‌తో కొలిచి మాన్యువల్‌లోని హద్దుతో పోల్చండి. రోటర్ మీద చుక్క గుర్తు ఉంటే అది ఎటు వైపు ఉండాలో కూడా మాన్యువల్‌లోనే ఉంటుంది. మూత స్క్రూలు వదులుగా ఉన్నాయేమో అప్పుడే చూసుకోండి.

బేరింగ్ అనుమానం వస్తే

ముందు పాత ఫిల్టర్ కోయండి. రంపంతో కోస్తే దాని రజనే లోపల పడి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఫిల్టర్ కటర్ గానీ, అంచు చుట్టూ రేకు కత్తెర గానీ వాడండి. లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో పట్టుకోండి. అయస్కాంతానికి అంటుకునేది ఇనుము. అంటుకోకుండా వెండిలా మెరిసేది చాలావరకు బేరింగ్ పైపొర, లేదా పిస్టన్ అల్యూమినియం. రాగి రంగు రేణువులు కనిపిస్తే బేరింగ్ పైపొర అరిగిపోయి అడుగు బయటపడిందన్నమాట. రిపేరు కొత్తలో కొద్దిగా మెరుపు ఉండొచ్చు. చిటికెడు దొరికితే మాత్రం చాంబర్ మూసే ఆలోచన మానుకోండి.

క్రాంక్ గ్రైండింగ్ జరిగిన బండిలో ఒక్క చిన్న పొరపాటు ఇంజన్ మొత్తాన్ని తినేస్తుంది. పీణ్యలో లేత్ షాపువాళ్లు క్రాంక్‌ను 0.25 మి.మీ. తగ్గించి పంపుతారు, వర్క్‌షాప్‌లో అలవాటుగా స్టాండర్డ్ బేరింగ్ వేసేస్తారు. బేరింగ్ ముక్క వీపు మీద ఎస్‌టీడీ అనో, 025 అనో చెక్కి ఉంటుంది. ఆ అక్షరాలు మీ కళ్లతో చూడండి, ఫోటో తీసుకోండి. మెయిన్ బేరింగ్‌లలో రంధ్రం ఉన్న ముక్క బ్లాక్ వైపు, రంధ్రం లేనిది క్యాప్ వైపు ఉండాలి. తారుమారైతే ఆయిల్ దారే మూసుకుపోతుంది. క్యాప్‌ల నంబర్లు, బాణం గుర్తులు కూడా సరిచూడాలి.

సందు కొలవడానికి ప్లాస్టిగేజ్ అనే మైనపు దారం ఉంటుంది. కార్లకు ఎక్కువగా వాడే ఆకుపచ్చది 0.025 నుంచి 0.076 మి.మీ. దాకా కొలుస్తుంది. బేరింగ్ కూర్చునే క్రాంక్ నునుపు భాగాన్ని (జర్నల్) తుడిచి ఆరబెట్టి, చిన్న ముక్క అడ్డంగా పెట్టి, క్యాప్‌ను సరైన టార్క్‌తో బిగించి, క్రాంక్ అస్సలు తిప్పకుండా విప్పి, చదునైన మైనం వెడల్పును కవరు మీది గీతలతో పోల్చాలి. చిన్న కార్ల ఇంజన్లలో సందు సాధారణంగా 0.02 నుంచి 0.05 మి.మీ. మధ్య ఉంటుంది. సందు రెట్టింపైతే జారిపోయే ఆయిల్ రెట్టింపు కాదు, దాదాపు ఎనిమిది రెట్లు అవుతుంది. ఒక్క బేరింగ్ చెడిపోతే మొత్తం ప్రెషర్ ఎందుకు కూలిపోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మొదటి స్టార్ట్‌లోనే ప్రెషర్ రాకపోతే

ఇంజన్ పని పూర్తయి తొలిసారి స్టార్ట్ చేసినప్పుడు ప్రెషర్ రావడం లేదంటే పంప్ పొడిగా ఉండిపోయి ఉండొచ్చు. గాలి నిండిన పంప్ ఆయిల్‌ను పైకి లాగలేదు. బిగించేటప్పుడే పంప్ లోపల శుభ్రమైన ఇంజన్ ఆయిల్ నింపాలి. గ్రీజు పెట్టకండి, అది కరగకుండా సన్నటి దారుల్లో అడ్డం పడుతుంది. నిలువుగా బిగించే ఫిల్టర్ అయితే దానిలోనూ ఆయిల్ పోసి బిగించండి. తర్వాత పెట్రోల్ బండికి ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్, డీజిల్ బండికి ఇంజెక్టర్ కనెక్టర్లు తీసేసి, స్టార్టర్‌తో పది సెకన్లు తిప్పి ఒక నిమిషం ఆగండి. గేజ్ ముల్లు లేచేదాకా ఇలా చేయాలి. అది లేచాకే ఫ్యూజ్, కనెక్టర్లు తిరిగి పెట్టి ఇంజన్‌ను స్టార్ట్ కానివ్వండి. అయిదారుసార్లు తిప్పినా లేవకపోతే పంప్‌ను తిప్పే చైనో, కీయో పెట్టారో లేదో చూడాల్సిందే.

"చిక్కటి ఆయిల్ పోద్దాం సార్"

ఈ మాట మీరు తప్పకుండా వింటారు. 5డబ్ల్యు-30 ఇంజన్‌లో 20డబ్ల్యు-50 పోస్తే గేజ్ అంకె నిజంగానే పెరుగుతుంది, లైటు ఆరిపోతుంది. జ్వరం తగ్గనప్పుడు థర్మామీటర్‌ను చల్లనీళ్లలో ముంచినట్టే ఇదీ. మూసుకుపోయిన జాలి అలాగే ఉంటుంది, పైగా చిక్కటి ఆయిల్ దాంట్లోంచి దూరడం ఇంకా కష్టం. చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్, వాల్వ్‌ల టైమింగ్ మార్చే వీవీటీ లాంటివి సన్నటి రంధ్రాల్లోంచి ఆయిల్ వేగంగా అందుతుందన్న లెక్కతో తయారైనవి. దయచేసి ఒప్పుకోకండి.

వర్క్‌షాప్‌తో మాట్లాడేటప్పుడు

గేజ్ వీడియో, జాలి ఫోటో, బేరింగ్ వీపు మీది అంకె చేతిలో ఉంటే గొంతు పెంచాల్సిన పనే ఉండదు. నా విషయంలో మొదటి వర్క్‌షాప్ యజమాని ఆ ఫోటోలు చూసి కూలి తిరిగి ఇచ్చేశాడు. విప్పేటప్పుడు వాళ్లను కూడా పిలవండి, వాళ్ల కళ్ల ముందు బయటపడింది వాళ్లు కాదనలేరు. బిల్లు, జాబ్ కార్డు దాచుకోండి. ఎంతకీ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

మళ్లీ బిగించి, మళ్లీ కొలవడం

చాంబర్ అంచు మీద పాత పేస్ట్ అంతా ప్లాస్టిక్ గీకుడుతో తీసి, ఆయిల్ జిడ్డు పోయేలా తుడవండి. నూలు రాలే బనియన్ వేస్ట్ వద్దు, పోగులు ఊడని గుడ్డ వాడండి. కొత్త ఓ-రింగ్‌కు ఆయిల్ రాసి చేత్తోనే కూర్చోబెట్టాలి. పేస్ట్ డబ్బా మీద రాసిన ఆరే సమయం గడిచేదాకా ఆయిల్ పోయకండి. సాయంత్రం బిగిస్తే ఆయిల్ పొద్దున పోయడం నా పద్ధతి. ఫిల్టర్ రబ్బరుకు ఆయిల్ రాసి, తగిలాక చేత్తో ఇంకో ముప్పావు చుట్టు తిప్పితే చాలు.

గేజ్ ఇంకా తీయకండి. ఇంజన్ వేడెక్కాక అవే మూడు చోట్ల మళ్లీ కొలవాలి. మా బండికి ఐడిల్‌లో 1.4, 2000 దగ్గర 2.7, 3000 దగ్గర 3.6 వచ్చింది, ముల్లు కదలకుండా నిలబడింది. అప్పుడే స్విచ్ తిరిగి బిగించాం. 500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఆ ఫిల్టర్‌ను కూడా కోసి చూశాం. ఒకే ఒక సిలికాన్ ముక్క దొరికింది, మినప్పప్పు బద్దంత. ఆ మూడు అంకెలూ తేదీతో సహా ఒక స్టిక్కర్ మీద రాసి బానెట్ లోపల అంటించాను. ఇప్పుడు ఏ మెకానిక్ బానెట్ ఎత్తినా ముందు దాన్నే చదువుతాడు.